పుస్తకంలో లేని మెట్లు

పోయిన చలికాలంలో ఒక పరిశోధక విద్యార్థి జనగామలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అనువాద అధ్యయనాలు అతని విషయం. చేతిలో నా పుస్తకం ఉంది, దాని నిండా రంగురంగుల చీటీలు. తన థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం నా మీదే రాస్తున్నానని చెప్పాడు.

"ఆ బావి కథల మీరు అస్సలు కనపడరు సార్. అనువాదకుడంటే గట్ల ఉండాలె" అన్నాడు.

నిజమే. ఆ కథలో నేను కనపడను, ఎందుకంటే అందులో నేను లేను. ఆ మాట అతనికి చెప్పడానికి నోరు తెరిచి, "టీ తాగుతవా నాయినా?" అని అడిగాను. అతను టీ తాగి, పుస్తకం మీద నా సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పి, ముందుగానే ఉద్యోగం వదులుకుని ఇంట్లో కూర్చున్న మనిషిని. ఇంకా ఇట్లాంటి సంతకాలు పెట్టే ఓపిక నాకు లేదు. అతనికి ఆ రోజు చెప్పలేనిది, అతని వంటి పిల్లలందరికీ ఇక్కడ చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకుంటున్న రోజుల్లో నేను జనగామలో లెక్చరర్‌ని. ఎం.ఫిల్ విద్యార్థులకు గైడ్‌గా గుర్తింపు కూడా ఉండేది. అప్పటికే ఇంగ్లీషు నుంచి నాలుగైదు నవలలు తెలుగులోకి తెచ్చాను. నా తెలుగు చాలా శుభ్రంగా ఉంటుందని పేరు. ఆ శుభ్రత ఎక్కడిదో చెప్పాలి. చదువుకునే రోజుల్లో క్లాసులో నేను నోరు విప్పితే వెనక బెంచీల వాళ్లు సినిమాల్లో రౌడీల మాటలు అనుకరించి నవ్వేవారు. రెండేళ్లు పట్టుబట్టి నా మాటను కడిగేసుకున్నాను. చివరికి మా అమ్మ ఫోన్‌లో నా గొంతు విని, "ఎవలు సారూ మీరు?" అని అడిగే దాకా వచ్చింది.

ఉద్యమం వచ్చాక గాలి మారింది. మన భాష, మన యాస అని సభలు పెడుతున్నారు. మా కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్ ఒకాయన ఉండేవాడు. నాకంటే చిన్నవాడు, జనగామ జేఏసీలో ముందుండే మనిషి. స్టాఫ్‌రూంలో నా కొత్త అనువాదం తీసి నాలుగు లైన్లు పైకి చదివి అందరి ముందు అన్నాడు:

"అన్నా, తెలంగాణ కావాలంటవ్. రాసేది చూస్తే గుంటూరు బస్సెక్కినట్టే ఉంటది. రేపు రాష్ట్రమొస్తే నీ పుస్తకాలు అటు దిక్కు పంచియ్యాలె!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి పోయి ఒక పేజీ మన మాటలో రాద్దామని కూర్చున్నాను. రాలేదు. వచ్చిందల్లా సినిమా వాళ్లు మనల్ని వెక్కిరించే భాషలా ఉంది. కడిగేసుకున్నది తిరిగి అంటించుకోవడం నా వల్ల కాలేదు. నేను చేసిన తప్పుకు ఇది సాకు కాదు. కానీ అది ఇక్కడే మొదలైంది.

ఆ సంవత్సరమే ఒక అమ్మాయి నా దగ్గర ఎం.ఫిల్‌లో చేరింది. ఊరు గార్ల. ఇంట్లో దక్నీ ఉర్దూ, బయట తెలుగు. ప్యాసింజర్ రైల్లో కాజీపేట మీదుగా జనగామ వచ్చేది. విషయం ఏమిటని అడిగితే, "మా నానీ చేసిన అనువాదం సార్" అంది. నానీ అంటే అమ్మమ్మ.

"మీ నానీ ఏం అనువాదం చేసింది? అచ్చయిందా?"

"ఆమెకు చదువు రాదు సార్. గాజులమ్ముతది."

నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి నవ్వలేదు. వాళ్ల నానీ నలభై ఏళ్లుగా గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది. గాజులు వేస్తూ ఆడవాళ్లకు కథలు చెబుతుంది. అవి తన తల్లి దగ్గర దక్నీలో విన్న కథలు. ఇంట్లో మనుమరాళ్లకు దక్నీలోనే చెబుతుంది. ఊళ్లల్లో తెలుగులో చెబుతుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది మారింది, ఎందుకు మారింది అని చూడాలన్నది ఆమె ఆలోచన.

అచ్చయిన మూలం లేదు, రచయిత లేడు, దీన్ని అనువాదమంటే ఎవరొప్పుకుంటారు అని వాదించాను. ఆఖరికి, "ఒక్కసారి ఊరికి రాన్రి సార్, మీరే చూద్దురు" అంది. వెళ్లాను. గార్లకు నేను వెళ్లింది ఆ ఒక్కసారే.

చిన్న ఇల్లు, బయట అరుగు. నానీ అరుగు మీద చాప పరిచి గాజులు సర్దుకుంటోంది. నన్ను చూడగానే, "సారు అంటే ముసలాయన అనుకున్న, పిలగాడే" అంది. ముప్పై ఎనిమిదేళ్లు నాకు అప్పుడు. నా చెయ్యి అందుకుని గాజు సైజు చూసినట్టు వేళ్లన్నీ దగ్గరికి నొక్కింది.

"మెత్తగున్నది సారు నీ చెయ్యి. ఎవలన్న పని చేసి పెడుతరా నీకు?"

"నానీ!" అని మనుమరాలు కసిరింది.

"ఏమన్నని? గాజు అల్కగ ఎక్కుతది అన్న!"

అంతలో ఒక కొత్త కోడలు అత్తను వెంటబెట్టుకుని గాజులకు వచ్చింది. నానీ ఆమె చెయ్యి ఒళ్లోకి తీసుకుని కథ మొదలుపెట్టింది. ఇంట్లో పోయిన వెండి చెంబు కోసం చిన్నకోడలు దిగుడుబావిలోకి దిగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర బావి ఒక ప్రశ్న అడుగుతుంది, జవాబు చెబితేనే కింది మెట్టు కనిపిస్తుంది.

"మొదటి మెట్టు మీద బావి అడిగింది, నీ పేరేంది? కోడలన్నది, అమ్మ పెట్టిందా, అత్త పెట్టిందా? చెయ్యి వదులుగ ఇడువు బిడ్డా. రెండో మెట్టు మీద అడిగింది, ఎందుకు దిగుతున్నవ్? చెంబు కోసం. చెంబు నీదా? నాది కాదు, పోగొట్టింది మాత్రం నేనేనట!"

పక్కనున్న అత్త కూడా నవ్వింది. ఆ నవ్వులో ఉండగానే గాజు వేళ్ల కణుపులు దాటింది.

ఆ అమ్మాయి నా చెవి దగ్గరకు వంగి చెప్పింది. "చూసిన్రా సార్? ఇంట్ల చెప్పేటప్పుడు బావికి ఏడే మెట్లు. ఊళ్లె పన్నెండు. చేతికి డజను గాజులు కద! ఒక్క గాజుకు ఒక్క మెట్టు. నొప్పి పుట్టే కాడ ప్రశ్న అడుగుతది, నవ్వొచ్చే జవాబు చెప్తది, గాజు ఎక్కిస్తది. ఐదు మెట్లు తెలుగుల ఎక్కువ కట్టింది మా నానీ."

పుస్తకాల్లో ఎంతో చదివిన నాకు, అనువాదం ఎవరి కోసం, ఎందుకు మారుతుందో అంత తేటగా ఎవరూ చూపించలేదు. తిరుగు రైల్లో ఆ అమ్మాయి విషయానికి ఒప్పుకుంటూ కాగితం రాశాను. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదొక్కటే కావచ్చు.

ఏడాదిన్నర ఆమె పనిచేసింది. నానీ తెలుగులో చెప్పింది అట్లాగే ఎత్తి రాస్తే కాగితం మీద సగం చచ్చిపోతుంది. దక్నీ కథను దగ్గర పెట్టుకుని, నానీ తెలుగు దారిలో తానే వాక్యం వాక్యం కట్టేది. కట్టిన దాన్ని మహబూబాబాద్‌లో, పెద్దవంగరలో ఆడవాళ్లకు చదివి వినిపించేది. వాళ్లు మొహం చిట్లించిన చోట కొట్టేసి మళ్లీ రాసేది. "నాకు మీరొక్కరే గైడు కాదు సార్, ఊరికొక గైడున్నది" అని నవ్వేది. నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి. దిద్దడానికి నాకిచ్చింది. దిద్దడానికేమీ లేదు. నేను రాయలేకపోయిన మాట అందులో ఉంది. మా అమ్మ మాట, నేను కడిగేసుకున్న మాట.

తర్వాత సమ్మె వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి, రైళ్లు పట్టాల మీద ఆగిపోయాయి. ఒకరోజు జనగామలో హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి అక్కడే వండి, అక్కడే అందరూ తినడం ఆ రోజుల్లో నిరసన పద్ధతి. వకీళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు, మేం లెక్చరర్లం బియ్యం కడుగుతున్నాం. అన్నం ఉడికే దాకా మైకు ఖాళీగా ఉండకూడదు. చరిత్ర లెక్చరర్ నా భుజం తట్టాడు.

"అన్నా, ఏమన్న చదువు. గుంటూరు బస్సు మాత్రం ఎక్కియ్యకు!"

నా సంచిలో ఆ నోట్‌బుక్కులు ఉన్నాయి. దక్నీ కథ అని మాత్రం చెప్పి, బావి కథ తీసి చదివాను. రెండో మెట్టు దగ్గరే ఆడవాళ్లు గరిటెలు పట్టుకుని దగ్గరకు వచ్చారు. పన్నెండో మెట్టుకు పొయ్యిల దగ్గర ఒక్కరూ మిగల్లేదు. ఆపైన చప్పట్లు. చరిత్ర లెక్చరర్ మైకు లాక్కుని, "ఇగో, గిది మన భాష! దక్నీల కెల్లి తెలుగుల తెచ్చిన మొనగాడు మా అన్న!" అన్నాడు.

కాదని ఒక్క మాట అనడానికి మైకు చేతికందే దూరంలోనే ఉంది, టైముంది. నేను చేతులు జోడించాను.

మూడు నెలల్లో పుస్తకమైంది. వంటావార్పు దగ్గర విన్న ప్రెస్సు యజమాని వెంటపడ్డాడు. ఉద్యమ సభల్లో ఎక్కడ చూసినా కొత్త పుస్తకాలకు గిరాకీ. అట్ట మీద 'అనువాదం' కింద నా పేరు. ముందుమాట చివర 'సహకరించినవారు' అని పదకొండు మంది పేర్లలో ఏడోది ఆ అమ్మాయిది. నానీ పేరు లేదు. ఒక దిద్దుబాటు మాత్రం నేనే స్వయంగా చేశాను. గాజుల మాటలన్నీ తీసేశాను. మెట్లు మరీ ఎక్కువయ్యాయనిపించి, నాలుగో మెట్టు తర్వాత 'అలా ఒక్కో మెట్టూ దిగి పన్నెండోది చేరింది' అని ఒక్క వాక్యంతో దాటేశాను. ఆ వాక్యం మాత్రం అచ్చంగా నాదే.

ఆమె ఆ పుస్తకం మహబూబాబాద్ స్టేషన్ ముందు, పేపర్లమ్మే బండి మీద చూసింది. మర్నాడే వచ్చింది. స్టాఫ్‌రూం బయట నిలబడి పుస్తకం పైకి ఎత్తింది తప్ప గొంతు ఎత్తలేదు.

"సార్, గిది ఏంది?"

"ఉద్యమానికి అవసరమొచ్చిందమ్మా. హడావుడిలో అయిపోయింది. రెండో ముద్రణలో నీ పేరు అట్ట మీద వస్తది."

"నాది తర్వాత సంగతి సార్. వచ్చే నెల థీసిస్ పెట్టేదున్నది. గిదే కథ అండ్ల ఉన్నది. నేను కాపీ కొట్టిన్నంటరు."

"నేను గైడును, అక్కడే ఉంటా కద! పరేషాన్ కాకు. నేను చెప్తా."

ఆమె నమ్మింది. థీసిస్ అప్పటికే టైపయింది కనుక నోట్‌బుక్కులు కూడా అడగలేదు, నా దగ్గరే ఉంటే రుజువుగా ఉంటాయని.

వైవా రోజు. యూనివర్సిటీలో చిన్న గది. మా శాఖాధ్యక్షుడు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, నేను, బల్లకు అవతల ఆ అమ్మాయి. పరీక్షకుడు పెద్దాయన, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన సంచిలోంచి ముందు థీసిస్ తీశాడు, తర్వాత నా పుస్తకం తీశాడు. రెండింటినీ బావి కథ దగ్గర తెరిచి పక్కపక్కన పెట్టాడు.

"అమ్మా, వాక్యాలు ఒకటే. పుస్తకం ముందు వచ్చింది. ఏమంటావు?"

"సార్ చెప్తరు" అంది ఆమె. నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. అదే ఇప్పటికీ నాకు గుర్తు.

పరీక్షకుడు నా వైపు తిరిగాడు. ఆయన మూర్ఖుడు కాదు. నాకు దారి కూడా చూపించాడు. "ఒక సంగతి అర్థం కావడం లేదు. పుస్తకంలో ఐదో మెట్టు నుంచి పదకొండు దాకా లేవు. ఈ అమ్మాయి థీసిస్‌లో ఏడూ ఉన్నాయి, గాజులతో సహా ఉన్నాయి. చూసి రాసిన మనిషికి పుస్తకంలో లేని మెట్లు ఎక్కడివి?"

ఒక్క మాట చాలు. 'కథ ఆమెది, పుస్తకం నాది కాదు' అంటే చాలు. అప్పటికి ఆ పుస్తకానికి రెండు సన్మానాలు జరిగాయి. మా శాఖాధ్యక్షుడు పక్కనే ఉన్నాడు. నా ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. ఇవన్నీ లెక్కవేసి అబద్ధమాడానని కూడా చెప్పలేను. లెక్క వేసేంత సేపు పట్టలేదు.

"నా చిత్తుప్రతి పూర్తిగా ఆమెకిచ్చాను సార్, చూసుకోమని. అందులో అన్ని మెట్లూ ఉన్నాయి" అన్నాను.

పరీక్షకుడు నన్ను కాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నమ్మలేదని నాకు తెలుసు, కానీ గైడు నోటి నుంచి వచ్చిన మాట మీద ఆయన ఏం రాయగలడు? సొంత సామగ్రి కాదు కనుక తిరస్కరించమని, వేరే విషయంతో మళ్లీ రాయవచ్చని రాశాడు. ఆమె ఏడవలేదు, వాదించలేదు. నా వైపు చూడటం మానేసింది, అంతే.

మెట్ల దగ్గర నేనే వెంటపడి ఏదో అన్నాను. వేరే విషయమైతే ఆరు నెలల్లో పూర్తి చేయించేస్తానని అన్నట్టున్నాను. ఆమె వినలేదు. ఒక్కటే అడిగింది.

"నానీకి ఏం చెప్పాలె సార్? పన్నెండు మెట్లు నువ్వు కట్టలేదు, మా సారు కట్టిండని చెప్పాల్నా?"

ఆ తర్వాత ఆమె నాకు కనపడలేదు. రాష్ట్రం వచ్చింది. నా పుస్తకం నాలుగు ముద్రణలైంది. ఏ ముద్రణలోనూ అట్ట మారలేదు. ఒకప్పటి చరిత్ర లెక్చరర్ ఇప్పటికీ నన్ను చూస్తే ఆ వంటావార్పు గుర్తుచేస్తాడు. నాలుగు నోట్‌బుక్కులు నా బీరువాలోనే ఉన్నాయి. తిరిగి పంపిస్తే ఒప్పుకున్నట్టవుతుందని పంపలేదు. చించేయడానికి చేతులు రాలేదు. బీరువా తెరిచినప్పుడల్లా కనపడతాయని, తెరవడమే తగ్గించాను.

ఆ విద్యార్థి వచ్చి వెళ్లిన వారానికి, పాత విద్యార్థుల ద్వారా కనుక్కుని భూపాలపల్లి వెళ్లాను. ఆమె భర్తకు బొగ్గు గనుల్లో పని. బజారులో వాళ్లకు చిన్న గాజుల కొట్టుంది. గాజులన్నీ రంగుల డబ్బాల్లో, సైజుల వారీగా పేర్చి ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడితే గుర్తుపట్టింది. స్టూలు ముందుకు జరిపింది.

"కూసోన్రి సార్. ముసలోళ్లయిన్రు."

నేను కూర్చున్నాను. అక్కడే ఉండగా ఒకామె వచ్చి రెండు డబ్బాలు తీసుకుని వెళ్లింది.

"ఇప్పుడు ఎవలు ఏపిచ్చుకోరు సార్, ఇంటికి కొంటవోయి వాళ్లే ఏసుకుంటరు" అంది. తర్వాత అడిగింది, "ఏం పని మీద వచ్చిన్రు?"

యూనివర్సిటీకి రాస్తానని, ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకుంటానని, ఆమె డిగ్రీ సంగతి అడుగుతానని చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వులో కోపం కూడా లేదు, అలసట ఉంది.

"ఎం.ఫిల్ కోర్సే ఎత్తేసిన్రు కద సార్. లేని డిగ్రీ ఏమిస్తరు?"

సంచిలోంచి నోట్‌బుక్కులు తీశాను.

"ఇవి తెచ్చిన."

"అవి నావే కద సార్" అంది. అయినా చెయ్యి చాపింది.

నానీ సంగతి అడిగాను. వైవా తర్వాత రెండేళ్లకు పోయిందట. వైవా గురించి ఆమెకు ఏం చెప్పావని అడిగాను.

"పాసయిన్నని చెప్పిన. మా వాడకంత మిఠాయి పంచింది." ఒక డబ్బా సర్దుతూ అంది, "నా దగ్గరున్న థీసిస్ కాపీ ఆ రోజే రైల్ల సీటు మీద ఇడిచిపెట్టొచ్చిన. చూడబుద్ధి కాలే. తప్పు చేసిన సార్."

"నువ్వేం తప్పు చేసినవమ్మా?"

"మా బిడ్డకు బావి కథ చెప్తుంట. ఎనిమిది మెట్ల దాక మంచిగ దిగుతం ఇద్దరం. తొమ్మిదోది యాదికి రాదు. మీ పుస్తకం కూడ కొని చూసిన, అండ్ల లేదు. నానీని అడుగుదామంటే లేదు. నెత్తి గోక్కుంట, 'నీళ్లు చల్లగున్నయ్, ఎక్కుదాం పా బేటీ' అని మల్ల పైకి తెస్త. పదేండ్లాయె సార్, చెంబు బావిలనే ఉన్నది."

నేను తీసేసింది ఒక డిగ్రీ అని ఇన్నేళ్లూ అనుకున్నాను.

కొత్త ముద్రణ, అట్ట మీద పేరు అంటూ మళ్లీ మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నా పేరు రాయకున్రి. మా బిడ్డ చదువుకుంటున్నది, నలుగుట్ల ముచ్చట గావద్దు. సహకారం, కృతజ్ఞతలు, అసొంటి మాటలు గూడ వద్దు. గా గదిల మీరేమన్నరో గది రాయున్రి. పిలగాళ్లు చదువాలె."

అందుకే ఇందులో ఎవరి పేర్లూ లేవు. పేర్లన్నీ ఉన్న ఉత్తరం, నా సంతకంతో, యూనివర్సిటీకి పోయింది. ప్రెస్సుకు పోయిన దాంట్లో ఆ పుస్తకం ఇక అచ్చు వేయవద్దని రాశాను. నా మీద అధ్యాయం రాస్తున్న విద్యార్థికి కూడా ఒకటి వేశాను. పాపం, అతను ఆ అధ్యాయం మళ్లీ రాసుకోవాలి.

ఆ రోజు నేను లేచేసరికి ఆమె మూడో నోట్‌బుక్కు తెరిచి ఉంది. వేలు పెట్టి మెట్లు లెక్కపెట్టుకుంటూ కిందికి పోతోంది. ఒకచోట వేలు ఆగింది. పెదవులు కదిలాయి. ఒక్కసారిగా పకపకా నవ్వి, లోపలికి తిరిగి, "బేటీ! దొరికిందే! జల్ది రా!" అని కేకేసింది. నేను వెళ్లొస్తానన్నది ఆమెకు వినిపించినట్టు లేదు.

తొమ్మిదో మెట్టు మీద బావి ఏమడిగిందో, చిన్నకోడలు ఏమందో నాకు తెలుసు. ఇన్నేళ్లు నా బీరువాలో ఉన్నది, నాకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఇక్కడ మాత్రం రాయను.